జడ్జి జీతంలో కోత

శ్రోతలందరికీ నమస్కారం.

జడ్జీల మీద ఒత్తిడి అనగానే మనకు పెద్దవాళ్ళ నుంచి ఫోన్లు, బెదిరింపులు గుర్తొస్తాయి. అవేవీ లేకుండా, అంతా చట్టప్రకారమే, స్టాంపు వేసిన కాగితంతోనే ఒక జడ్జిని బెంచి మీద నుంచి దింపేయొచ్చు. పోలండ్‌లో అదే జరిగింది.

ఓల్ష్టిన్ అనే ఊళ్ళో పావెల్ యుష్చిషిన్ అని ఒక జడ్జి ఉన్నారు. 2019 నవంబర్‌లో ఒక సివిల్ అప్పీలు వింటుండగా, కింది కోర్టులో తీర్పిచ్చిన జడ్జి నియామకం అసలు సరైనదేనా అని ఆయనకు సందేహం వచ్చింది. ఎందుకంటే ఆ దేశంలో జడ్జీలను ఎంపిక చేయడానికి ఒక మండలి ఉంది, అందులోని 15 మంది జడ్జి సభ్యులను అంతకుముందు జడ్జీలే ఎన్నుకునేవారు, 2017 డిసెంబర్‌లో చేసిన చట్టంతో ఆ ఎన్నిక పార్లమెంటు దిగువ సభ చేతికి వెళ్ళిపోయింది. ఆ సభ్యుల పేర్లను బలపరుస్తూ సంతకాలు పెట్టింది ఎవరో, ఆ జాబితాలు పంపించండని ఆయన దిగువ సభ కార్యాలయాన్ని ఆదేశించారు. అడిగింది అంతే. 2020 ఫిబ్రవరిలో సస్పెన్షన్, జీతంలో 40 శాతం కోత!

ఆ కోత వేసింది సుప్రీంకోర్టులో కొత్తగా పెట్టిన క్రమశిక్షణ విభాగం. అందులోని జడ్జీలను ఏరింది ఆ మండలే. అంటే ఎవరి ఎన్నిక గురించి ఆయన అడిగారో, వాళ్ళు ఎంచిన మనుషులే ఆయనకు శిక్ష వేశారు. పైగా ఆ విభాగం జడ్జీలకు సుప్రీంకోర్టులోని మిగతా జడ్జీల కంటే 40 శాతం ఎక్కువ జీతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే నాకు కడుపు మండుతుంది.

లంచం తిన్న జడ్జి మీద, ఏళ్ళ తరబడి తీర్పు రాయకుండా కూర్చున్న జడ్జి మీద చర్య ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఫైలు తెరిచేది ఎవరు? అప్పట్లో పోలండ్ న్యాయశాఖ మంత్రే ప్రాసిక్యూటర్ జనరల్ కూడా. కోర్టులో సర్కారు తరఫున వాదించే వాళ్ళందరికీ ఆయనే పెద్ద, జడ్జీల మీద విచారణ నడిపే ముఖ్య అధికారిని నియమించేదీ ఆయనే. అలాంటప్పుడు సర్కారుకు వ్యతిరేకంగా తీర్పు రాయాల్సి వస్తే ఆ జడ్జికి ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. శిక్ష పడక్కర్లేదు, పక్క గదిలో జడ్జికి నోటీసు వచ్చిందని తెలిస్తే చాలు, ఇంటి లోను, పిల్లల ఫీజులు కళ్ళ ముందు తిరుగుతాయి.

వార్సాలో ఇగోర్ తులేయా అనే జడ్జి సంగతీ ఇలాంటిదే. పార్లమెంటులో జరిగిన ఒక వివాదాస్పద ఓటింగు మీద ప్రాసిక్యూటర్లు దర్యాప్తు మూసేస్తే, ఆయన 2017 డిసెంబర్‌లో మళ్ళీ మొదలుపెట్టమన్నారు, ఆ కారణాలు చదువుతున్నప్పుడు విలేకరులను కోర్టు హాల్లో ఉండనిచ్చారు. అదే నేరమైంది. 2020 నవంబర్‌లో సస్పెండ్ చేసి, జీతంలో 25 శాతం కోసేశారు. మళ్ళీ విధుల్లోకి రావడానికి రెండేళ్ళు పట్టింది.

ఈలోగా, ఇంకో జడ్జి నియామకాన్ని ప్రశ్నించడమే తప్పని ఇంకో చట్టం తెచ్చారు. జనం దానికి నోటికి తాళం వేసే చట్టమని పేరు పెట్టారు. 2020 జనవరి 11న జడ్జీలు గౌన్లు వేసుకుని వార్సా వీధుల్లోకి వచ్చారు, వేరే దేశాల జడ్జీలు కూడా వచ్చి వాళ్ళతో కలిసి నడిచారు. నినాదాల్లేవు, మౌనంగా సుప్రీంకోర్టు నుంచి పార్లమెంటు దాకా నడిచారు. రోజూ బెంచి మీద కూర్చుని మన మాట వినేవాళ్ళు తమ మాట వినమని రోడ్డెక్కాల్సి వచ్చిందంటే, పరిస్థితి ఎక్కడికి వెళ్ళిందో చూడండి.

యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2021 జులైలో ఈ క్రమశిక్షణ పద్ధతి చెల్లదంది, అయినా ఆ విభాగాన్ని ఆపకపోయేసరికి అక్టోబర్‌లో రోజుకు 10 లక్షల యూరోల జరిమానా వేసింది. 2022లో విభాగాన్ని రద్దు చేశారు, 2023 డిసెంబర్‌లో ప్రభుత్వమూ మారింది. కానీ ఆ మండలి ద్వారా వచ్చిన జడ్జీలు రెండు వేలకు పైనే ఉన్నారు. వాళ్ళ ముందుకు వెళ్ళినవి విడాకుల కేసులు, అప్పుల కేసులు, ఆస్తి తగాదాలు. గెలిచామనుకున్న వాళ్ళు కూడా ఆ తీర్పు నిలుస్తుందా అని లాయర్లను అడగాల్సి వస్తోంది.