18 ఏళ్ల కుర్రాడిని ఏ లైన్‌లో దింపాలి?

అక్క: నమస్కారం. ఐస్ హాకీ గురించి మనం తెలుగులో మాట్లాడుకునే పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఎప్పటిలాగే నేనూ, మా తమ్ముడూ ఉన్నాం.

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈసారి టాపిక్ నేనే అడిగాను. సెప్టెంబరులో ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ క్యాంప్‌లు మొదలైతే చాలు, అభిమానులందరికీ ఒకటే ఆత్రం. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, తీసుకున్న కుర్రాడు జట్టులోకి వస్తాడా, రాడా?

అక్క: వస్తాడనే అనుకుందాం. వచ్చి ఎక్కడ ఆడతాడు? ఎవరి పక్కన? రాత్రికి ఎన్ని నిమిషాలు? నాకు అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

తమ్ముడు: కొత్తగా వింటున్నవాళ్ల కోసం ముందు లైనప్ సంగతి చెప్పేయ్ అక్కా.

అక్క: మ్యాచ్‌కి 20 మంది డ్రెస్ అవుతారు. ఇద్దరు గోలీలు, అంటే గోల్ కాసేవాళ్లు, మిగతా 18 మంది స్కేటర్లు. మామూలుగా 12 మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్‌మెన్. ఫార్వర్డ్‌లను ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లు చేస్తారు, డిఫెన్స్‌ను మూడు జోడీలు చేస్తారు. మ్యాచ్ మొత్తం 60 నిమిషాలు. మొదటి లైన్‌ వాడు 20 నిమిషాల దాకా మంచు మీద ఉంటాడు. నాలుగో లైన్‌ వాడికి ఎనిమిదో, పదో దక్కుతాయి. మొదటి రెండు లైన్ల పని గోల్స్. కింది లైన్ల పని ఎదుటివాళ్లను ఆపడం, ఒంటితో ఢీకొట్టడం, ఒక మనిషి తక్కువైనప్పుడు పెనాల్టీ కాయడం.

తమ్ముడు: జూనియర్ హాకీలో వందేసి పాయింట్లు కొట్టి వచ్చిన కుర్రాడికి మాత్రం ఖాళీగా కనిపించేది ఆ నాలుగో లైనే.

అక్క: నాకు బాధ కలిగించేది అదే. అక్కడి పని వాడికి వచ్చిన పని కాదు. వాడికి వచ్చిన పని అక్కడ ఉండదు. జో థోర్న్‌టన్ సంగతి తీసుకో. 1997 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడు, బోస్టన్ తీసుకుంది. మొదటి సీజన్లో 55 మ్యాచ్‌లు ఆడి 3 గోల్స్, 4 అసిస్ట్‌లు, అంటే గోల్‌కి అందించిన పాస్‌లు. మొత్తం 7 పాయింట్లు! ఆ అంకె చూసినవాళ్లు ఇతను రాణించడనే అనుకుని ఉంటారు. అదే థోర్న్‌టన్ 2005-06లో 125 పాయింట్లు కొట్టి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు.

తమ్ముడు: కానీ అక్కా, అదే బోస్టన్ అదే డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో సెర్గీ శాంసోనోవ్‌ని తీసుకుంది కదా. అతనూ అదే సీజన్లో, అదే కోచ్ కింద ఆడాడు. 47 పాయింట్లు చేసి ఉత్తమ రూకీగా, అంటే ఉత్తమ కొత్త ఆటగాడిగా, కాల్డర్ ట్రోఫీ కూడా పట్టుకుపోయాడు. మరి చోటు బాగాలేదనడం ఎలా?

అక్క: మంచి మాట అడిగావు. శాంసోనోవ్ బోస్టన్‌కి రాకముందు ఎక్కడున్నాడు? ఐహెచ్‌ఎల్ అనే అప్పటి చిన్న ప్రొఫెషనల్ లీగ్‌లో, డెట్రాయిట్ వైపర్స్ జట్టులో, పెద్దవాళ్ల మధ్య ఒక సీజన్ మొత్తం ఆడి వచ్చాడు. థోర్న్‌టన్ నేరుగా జూనియర్ నుంచి వచ్చాడు. 18 ఏళ్లకు పక్ మీద, అంటే ఆ రబ్బరు బిళ్ల మీద, ఎంత పట్టున్నా, రింక్ చుట్టూ ఉండే బోర్డుల దగ్గర 30 ఏళ్లవాడు భుజం వేసి నొక్కితే నిలబడడం వేరే విద్య. ఒకే ఏడాది డ్రాఫ్ట్ అయినంత మాత్రాన ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నట్టు కాదు.

తమ్ముడు: అయినా బెంచీ మీద కూర్చున్నా నేర్చుకోవచ్చని నా నమ్మకం. టైలర్ సెగిన్‌ని చూడు. 2010లో రెండో స్థానంలో తీసుకున్నారు, అదీ బోస్టనే. మొదటి సీజన్లో 74 మ్యాచ్‌లకు 22 పాయింట్లు. 2011 ప్లేఆఫ్స్‌లో మొదటి రెండు రౌండ్లూ, అంటే 11 మ్యాచ్‌లు, గాయమేమీ లేకపోయినా పైనుంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత బెర్జెరాన్‌కి తలకు దెబ్బ తగలడంతో చోటు దొరికింది. టాంపాతో రెండో మ్యాచ్‌లో, ఒక్క రెండో పీరియడ్‌లోనే రెండు గోల్స్, రెండు అసిస్ట్‌లు! ఆ ఏడాది బోస్టన్ ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచింది.

అక్క: ఆ రాత్రి నేనూ మర్చిపోలేను. కానీ ఒకటి గమనించు. సెగిన్ సీజనంతా ఆ జట్టుతోనే ఉన్నాడు, 74 మ్యాచ్‌లు ఆడాడు. ప్లేఆఫ్స్‌లో కూర్చోబెట్టడం వేరు, డిసెంబరు నుంచే రాత్రికి ఆరు నిమిషాలిచ్చి మూడో పీరియడ్‌లో బెంచీకి అంటించేయడం వేరు. నీళ్లలోకి దింపకుండా ఈత రాలేదంటే ఎలా? చూసి నేర్చుకునేది కొంత ఉంటుంది, కాదనను. ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు, షిఫ్ట్, అంటే మంచు మీద ఒక విడత, ఎప్పుడు ముగించాలి, ఇవి పైనుంచి బాగా కనిపిస్తాయి. పక్ కాలి దగ్గరికి వచ్చినప్పుడు అర సెకనులో ఏం చేయాలన్నది మాత్రం మంచు మీదే వస్తుంది.

తమ్ముడు: మరి కింది లీగ్‌కి పంపి ఆడించొచ్చు కదా అంటారు. అక్కడే రూల్స్ అడ్డం వస్తాయి.

అక్క: అవును, చాలామందికి ఇది తెలియదు. ప్రతి ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకీ ఏహెచ్‌ఎల్ అనే కింది లీగ్‌లో ఒక అనుబంధ జట్టు ఉంటుంది. అయితే కెనడా మేజర్ జూనియర్ లీగ్‌ల నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రాడిని 20 ఏళ్లు రాకముందు అక్కడికి పంపడానికి ఇన్నాళ్లూ మామూలుగా వీల్లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంచాలి, లేదంటే తిరిగి జూనియర్‌కి పంపాలి. జూనియర్ వాడికి మరీ తేలిక, ఎన్‌హెచ్‌ఎల్ మరీ కష్టం. వాడికి సరిగ్గా సరిపోయే మధ్య మెట్టుకి మాత్రం తాళం.

తమ్ముడు: యూరప్ నుంచి వచ్చినవాళ్లకి ఆ అడ్డు లేదు. అదొక వింత.

అక్క: లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందంలో కొంచెం సడలించారు. 2026-27 సీజన్ నుంచి ఒక్కో జట్టు ఒక 19 ఏళ్ల కుర్రాడిని ఏహెచ్‌ఎల్‌కి పంపుకోవచ్చు. ఎప్పుడో రావాల్సిన మార్పు ఇది.

తమ్ముడు: తొమ్మిది మ్యాచ్‌ల గొడవ కూడా చెప్పు.

అక్క: 18, 19 ఏళ్ల కుర్రాడు సీజన్లో 10 మ్యాచ్‌లు ఆడకపోతే అతని మూడేళ్ల తొలి కాంట్రాక్ట్ ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. అంటే జట్టుకి ఒక చవక ఏడాది మిగిలినట్టే. అందుకే అక్టోబరు చివర్లో ప్రతి రూకీ తొమ్మిదో మ్యాచ్ దగ్గర అంత హడావిడి. షేన్ రైట్ ఉన్నాడు కదా, 2022లో నాలుగో స్థానంలో సియాటిల్ తీసుకున్నవాడు. ఆ సీజన్లో అతను ఆడినవి 8 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లే. మధ్యలో స్క్రాచ్‌లు, అంటే జట్టులో ఉండీ మ్యాచ్‌కి దిగకపోవడాలు, కొన్నాళ్లు ఏహెచ్‌ఎల్, తర్వాత వరల్డ్ జూనియర్స్‌లో కెనడా కెప్టెన్‌గా బంగారు పతకం, ఆ తర్వాత మళ్లీ జూనియర్. ఒక్క సీజన్లో ఎన్ని జెర్సీలు తొడిగాడో చూడు. ఏ చోటా కుదురుకోనివ్వకపోతే కుర్రాడు ఏం నేర్చుకుంటాడు?

తమ్ముడు: మరుసటి ఏడాది ప్రత్యేక అనుమతితో కోచెల్లా వ్యాలీలో, అంటే సియాటిల్ ఏహెచ్‌ఎల్ జట్టులో, దాదాపు సీజనంతా ఆడాడు. 59 మ్యాచ్‌లకు 47 పాయింట్లు. ఆ తర్వాత 2024-25లో సియాటిల్ తరఫున 79 మ్యాచ్‌లకు 44.

అక్క: అదిగో. ఒక్కచోట, ఎక్కువ నిమిషాలు, తన సొంత పొజిషన్లో. కుర్రాడు మారలేదు, చుట్టూ ఉన్నది మారింది.

తమ్ముడు: డ్రైసైట్ల్ సంగతి కూడా ఇలాంటిదే కదా?

అక్క: లియోన్ డ్రైసైట్ల్ నాకు అన్నింటికంటే నచ్చే ఉదాహరణ. 2014లో ఎడ్మంటన్ మూడో స్థానంలో తీసుకుంది. వెంటనే జట్టులో పెట్టింది. 37 మ్యాచ్‌లు, 2 గోల్స్. సెంటర్ పొజిషన్ అంటే రెక్కల మీద, అంటే అంచుల్లో, ఆడినట్టు కాదు. ఫేస్‌ఆఫ్ తీయాలి, అంటే రిఫరీ పక్ వదిలినప్పుడు దాన్ని దక్కించుకోవాలి, సొంత గోల్ ముందుకు దిగి డిఫెన్స్‌కి సాయం చేయాలి, మళ్లీ ఎదుటి కొస దాకా పరుగెత్తాలి. 19 ఏళ్లకు రాత్రి రాత్రీ అది చేయడం మాటలు కాదు. సీజన్ మధ్యలో జూనియర్‌కి పంపేశారు. అప్పుడు అందరూ దాన్ని శిక్షలా చూశారు. అతను జూనియర్ జట్టు కెలోనాకి వెళ్లి వెస్టర్న్ లీగ్ గెలిచాడు. జూనియర్ లీగ్‌ల విజేతలు తలపడే మెమోరియల్ కప్ ఫైనల్లో జట్టు ఓడినా టోర్నీలో అత్యంత విలువైన ఆటగాడు అతనే.

తమ్ముడు: మరుసటి సీజన్ కూడా ఏహెచ్‌ఎల్‌లోనే మొదలుపెట్టాడు. అక్టోబరు చివర్లో పైకి పిలిచారు, వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్.

అక్క: ఈసారి అతన్ని టేలర్ హాల్ పక్కన పెట్టారు. ఆ సీజన్ 72 మ్యాచ్‌లకు 51 పాయింట్లు. 2019-20కి వచ్చేసరికి 110 పాయింట్లు, హార్ట్ ట్రోఫీ. వెనక్కి పంపడం వల్ల అతనికి నష్టమేమీ జరగలేదు. జట్టు మొదట తొందరపడింది, తర్వాత తప్పు తెలుసుకుని దిద్దుకుంది. ఆ దిద్దుకునే ధైర్యం అన్ని జట్లకీ ఉండదు.

తమ్ముడు: నువ్వు పదే పదే "ఎవరి పక్కన" అంటున్నావు. అంత తేడా ఉంటుందా నిజంగా?

అక్క: ఉంటుంది. అలెక్సీ లాఫ్రెనియేర్, 2020లో మొదటి పిక్. న్యూయార్క్ రేంజర్స్‌కి వచ్చాడు. అతను ఎడమ రెక్క. ఆ జట్టులో ఎడమ రెక్కన అప్పటికే పనారిన్, క్రైడర్ ఉన్నారు. ఇక పైన చోటెక్కడిది? మొదటి సీజన్లో 56 మ్యాచ్‌లకు 21 పాయింట్లు. ఏళ్ల తరబడి మూడో లైన్ దగ్గరే తిరిగాడు. 2023-24లో కుడి రెక్కకి మార్చి పనారిన్, ట్రోచెక్‌లతో కలిపారు. 28 గోల్స్, 57 పాయింట్లు. అదీ ఎదుటివాళ్లకు ఒక మనిషి తక్కువైనప్పుడు దింపే మొదటి పవర్ ప్లే యూనిట్‌లో చోటు లేకుండా.

తమ్ముడు: మాంట్రియల్‌లో స్లాఫ్‌కోవ్‌స్కీ కూడా అంతే. 2022లో మొదటి పిక్, తొలి సీజన్ గాయంతో 39 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయింది, 10 పాయింట్లు. రెండో సీజన్ మొదట్లో గోల్స్ రాకపోతే ఏహెచ్‌ఎల్‌కి పంపేయమని ఎంత గోల చేశారు! నేనూ అన్నాను అప్పుడు.

అక్క: అన్నావు, నాకు గుర్తుంది. జట్టు వినలేదు. సుజుకీ, కాఫీల్డ్‌లతో మొదటి లైన్‌లో పెట్టి, తప్పులు చేసినా తీయకుండా ఉంచింది. సీజన్ ముగిసేసరికి 20 గోల్స్, 50 పాయింట్లు. ఒక సంగతి చెప్పాలి, అప్పట్లో మాంట్రియల్ జట్టును కొత్తగా కట్టుకుంటోంది. ఓడినా పర్వాలేదనుకునే జట్టుకే ఆ ఓపిక సాధ్యం. కప్ మీద కన్నేసిన జట్టు కోచ్ ఒక్క పాయింట్ కోసం ఏప్రిల్‌లో తల పట్టుకుంటాడు. కుర్రాడి తప్పు అతనికి ఖరీదైన తప్పు.

తమ్ముడు: అలాంటి జట్లు ఏం చేయాలి మరి?

అక్క: డెట్రాయిట్ ఒకప్పుడు చేసినట్టు చేయాలి. తొందరపడకుండా, ఇక ఇక్కడ నేర్చుకునేదేమీ లేదన్నంత వరకూ తమ ఏహెచ్‌ఎల్ జట్టు గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఆడించేవాళ్లు. టాటార్ 2013లో అక్కడ ఏహెచ్‌ఎల్ టైటిల్ అయిన కాల్డర్ కప్ గెలిచాడు, ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు కూడా అతనే. నిక్విస్ట్ 2008లో డ్రాఫ్ట్ అయ్యాడు. 2013-14లో పైకి వచ్చాక 57 మ్యాచ్‌లకు 28 గోల్స్ కొట్టాడు. ఐదేళ్లు పట్టింది. టాంపాది ఇంకా అందం. జాన్ కూపర్ అప్పటి టాంపా ఏహెచ్‌ఎల్ జట్టు నార్ఫోక్ కోచ్‌గా 2012లో వరుసగా 28 మ్యాచ్‌లు గెలిపించి కప్ తెచ్చాడు. టైలర్ జాన్సన్, పలాట్ ఆ జట్టులోవాళ్లే. తర్వాత కోచ్ పైకి వెళ్లాడు, వాళ్లూ వెళ్లారు. పైకి వచ్చాక కోచ్ ఏమడుగుతాడో వాళ్లకు ముందే తెలుసు.

తమ్ముడు: డబ్బు లెక్క కూడా ఉంది కదా.

అక్క: ఉంది. 2025-26లో ఒక్కో జట్టు మొత్తం జీతాల పరిమితి 95.5 మిలియన్ డాలర్లు. 2024, 2025లో డ్రాఫ్ట్ అయిన కుర్రాడికి బోనస్‌లు కాకుండా ఏడాదికి గరిష్ఠంగా 9,75,000 డాలర్లే ఇవ్వొచ్చు. అలాంటివాడు రెండో లైన్‌లో నిలబడితే, మిగిలిన డబ్బుతో ఇంకొక మంచి ఆటగాడిని తెచ్చుకోవచ్చు. మేనేజర్లు తొందరపడేది ఇందుకే. నాలుగో లైన్‌లో వృథా చేస్తే మాత్రం ఆ చవకతనం కూడా వృథాయే.

తమ్ముడు: డిఫెన్స్ సంగతి? అక్కడ నాలుగో లైన్ లాంటిది లేదుగా.

అక్క: మూడో జోడీ ఉంది, అది కొంచెం నయం. అనుభవమున్నవాడిని పక్కన పెట్టి, ఫేస్‌ఆఫ్ ఎదుటి జోన్‌లో ఉన్నప్పుడు దింపొచ్చు. సొంత రింక్‌లో చివరి మార్పు మన కోచ్‌దే, కాబట్టి ఎదుటి మొదటి లైన్‌కి కుర్రాడు దొరక్కుండా చూసుకోవచ్చు. బయట ఊళ్లో ఆ సౌకర్యం ఉండదు. అందుకే ఒకే కుర్రాడు సొంత రింక్‌లో బాగా, బయట తడబడుతూ కనిపిస్తాడు. వెంటనే ఆడలేడని తీర్పు చెప్పేయకూడదు.

తమ్ముడు: కేల్ మకార్‌కి ఇవేవీ అక్కర్లేదు.

అక్క: అతను తొందరపడలేదుగా! 2017లో నాలుగో పిక్ అయ్యాక కూడా మసాచుసెట్స్ యూనివర్సిటీలో రెండేళ్లు ఆడాడు. 2019 ఏప్రిల్‌లో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు, మర్నాడు కాలేజీ ఫైనల్లో ఓటమి, దాని తర్వాత రెండు రోజులకు కొలరాడో తరఫున ప్లేఆఫ్స్‌లో తొలి మ్యాచ్. అందులోనే గోల్. చూసినవాళ్లకి ఒక్క రాత్రిలో వచ్చినట్టు అనిపించింది. వెనక ఆ రెండేళ్లున్నాయి.

తమ్ముడు: సరే అక్కా, ఈ అక్టోబరులో మా జట్టు రూకీ మ్యాచ్ ఆడితే నేనేం చూడాలి?

అక్క: గోల్స్ పక్కన పెట్టు. మూడో పీరియడ్‌లో ఒక గోల్ తేడాతో వెనకబడి ఉన్నప్పుడు వాడికి ఎన్ని షిఫ్ట్‌లు వచ్చాయో లెక్కపెట్టు. ఒక తప్పు చేశాక మళ్లీ ఎంతసేపటికి దింపారో చూడు.

తమ్ముడు: ఒక్క షిఫ్ట్ కూడా రాకపోతే?

అక్క: పది రాత్రులు వరుసగా రాకపోతే, వాడిని కిందికి పంపారని వార్త వచ్చినప్పుడు నువ్వు కోప్పడకు. సంతోషించు.

తమ్ముడు: ఈసారి లెక్కపెట్టి నీకు మెసేజ్ పెడతాను. విన్నందుకు అందరికీ థాంక్స్.

అక్క: వచ్చే ఎపిసోడ్‌లో గోలీల గురించి మాట్లాడుకుందాం. వాళ్ల కథ పూర్తిగా వేరు, ఉండే చోటే ఒక్కటి. ఉంటాం మరి.