గ్రాంటు దరఖాస్తు: లెక్క ముందు, కథనం తర్వాత

అందరికీ నమస్కారం.

పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేద్దామనో, మరుగున పడుతున్న పాటల్ని పిల్లలకు నేర్పిద్దామనో, కాలనీ గోడల మీద కాలనీవాళ్లతోనే బొమ్మలు వేయిద్దామనో పదిమంది కలిసి అనుకుంటారు. గ్రాంటు ప్రకటన కనబడుతుంది. వెంటనే ఆశయం రాయడానికి కూర్చుంటారు. అది పేజీలకు పేజీలు సాగుతుంది. బడ్జెట్ మాత్రం గడువుకు ముందు రాత్రి వేస్తారు. ఈ వరస తిరగేయమని అడగడానికే వచ్చాను. పని అసలు ఎంతో, ఎవరు చేస్తారో లెక్క వేస్తే గాని బయటపడదు. లెక్క తేలాక కథనం రాయడం సులువవుతుంది.

మౌఖిక చరిత్ర ప్రాజెక్టునే, అంటే మనుషులు నోటితో చెప్పిన జ్ఞాపకాల్ని రికార్డు చేసి దాచే పనినే తీసుకుందాం. 20 మంది, ఒక్కొక్కరితో గంటన్నర సంభాషణ. అంటే 30 గంటల ఆడియో. చాలా దరఖాస్తుల్లో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది: రికార్డర్, మైకు, ప్రయాణాలు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. గంట మాటను అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. యాస దట్టంగా ఉన్నా, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా ఇంకా ఎక్కువ. ఆరు గంటల చొప్పున వేస్తే 180 గంటలు. మళ్లీ విని సరిచూడటానికి గంటకు రెండేసి, ఇంకో 60. మొత్తం 240 గంటలు, అంటే వారానికి 40 గంటలు పనిచేసే మనిషికి నిండా ఆరు వారాలు. సాఫ్ట్‌వేర్ చిత్తుప్రతి తీసిపెడుతుంది గానీ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, వృత్తి మాటలు, పాట చరణాలు సరిగ్గా అక్కడే తప్పుతుంది. మనం దాచాలనుకున్నవి కూడా అవే. ఈ ఆరు వారాల జీతం బడ్జెట్‌లో లేకపోతే రికార్డింగులు ఏ హార్డ్ డిస్కులోనో ఉండిపోతాయి. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా మధ్యలో ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

నిల్వ సంగతీ చూడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో వేవ్ ఫైలు, అంటే కుదించకుండా దాచిన ఆడియో, గంటకు దాదాపు ఒక గిగాబైటు. 30 గంటలకు 31, మూడు ప్రతులకు 93 గిగాబైట్లు. మూడో ప్రతి వేరే చోట ఉండాలి. ఖర్చు చిన్నదే, కానీ దానికో గీత, అంటే ఒక పద్దు, బడ్జెట్‌లో కనబడితే ఈ పని తెలిసినవాళ్లే దరఖాస్తు రాశారని దరఖాస్తులు చూసే పరిశీలకులకు అర్థమవుతుంది.

ఇక తన జ్ఞాపకాలు చెప్పే మనిషి సంగతి. రికార్డు చేసేవారికి, రాసేవారికి, సమన్వయకర్తకు డబ్బు వేసి, తన జీవితం చెప్పే పెద్దావిడకు ఏమీ వేయకపోవడం న్యాయం కాదు. ఆమె సమయానికి గౌరవ భృతి అని ఒక గీత పెట్టండి. అంగీకార పత్రం రెండుసార్లు తీసుకోండి: రికార్డింగుకు ముందొకసారి, తన మాటలు తాను విన్నాక ఇంకోసారి. రెండోసారి 'ఈ ముక్క తీసేయండి' అనే హక్కు ఆమెకు ఉండాలి. దానికోసం మళ్లీ వాళ్లింటికి వెళ్లాలి, కాబట్టి 20 ప్రయాణాలు కాదు, 40 వేయండి.

గ్రాంటు ఏ తలుపు దగ్గర అడగాలన్నది తర్వాతి ప్రశ్న. కళలకిచ్చే నిధి, మానవీయ శాస్త్రాలకిచ్చే నిధి ఒకటి కావు. అమెరికాలో 1965 నాటి చట్టం ఈ రెంటికీ రెండు వేర్వేరు సంస్థలు పెట్టింది. ఆ చట్టం మానవీయ శాస్త్రాల కింద భాష, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, పురావస్తు శాస్త్రం వంటివాటితో పాటు కళల చరిత్రనూ విమర్శనూ చేర్చింది. పాట పాడటం, నేర్పడం కళల వైపు. ఆ పాట ఎవరి శ్రమలోంచి పుట్టింది, ఎందుకు మారింది అని అడగడం మానవీయ శాస్త్రాల వైపు. ఒకే ప్రాజెక్టు రెండు వైపులా నిలబడగలదు, కానీ ఒకే దరఖాస్తు నిలబడదు. రెండో తలుపు తడితే ఆ విషయం చదివిన పండితుడో పరిశోధకురాలో మీ బృందంలో ఉండాలి, వారి పని గంటలతో సహా రాసి ఉండాలి. సలహాదారు అని పేరు వేసి వదిలేస్తే అది అలంకారమని తెలిసిపోతుంది.

మార్గదర్శకాల్లో ముందు చదవాల్సింది ఏమిస్తారో కాదు, ఏమివ్వరో. భవన నిర్మాణం, బహుమతి సొమ్ము, విందులు, నిధుల సేకరణ కార్యక్రమాలు చాలాచోట్ల కుదరవు. గ్రాంటు కాలం మొదలవక ముందు చేసిన ఖర్చు సాధారణంగా చెల్లదు. దరఖాస్తుకూ మంజూరుకూ మధ్య నెలలు గడుస్తాయి కనుక వచ్చే నెల ఉత్సవానికి ఈ నెల గ్రాంటు అడగడం దండగ.

సొంత వాటా, అంటే ప్రాజెక్టు ఖర్చులో మన వైపు నుంచి పెట్టేది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికా జాతీయ కళా నిధి ఇచ్చే ప్రాజెక్టు గ్రాంట్లలో సాధారణంగా డాలరుకు డాలరు మనం చూపాలి. అంతా నగదే కానక్కర్లేదు. ఉచితంగా ఇచ్చిన హాలు, స్వచ్ఛందంగా చేసిన పని కూడా లెక్కకు వస్తాయి. అయితే ఆ హాలుకు బయట అద్దె ఎంతో కాగితం కావాలి. స్వచ్ఛంద గంటలకు తేదీ, పని, సంతకం ఉన్న పట్టిక కావాలి, అదీ పని జరిగిన రోజునే. ఏడాది చివర్లో కూర్చుని గుర్తు తెచ్చుకుని నింపిన పట్టిక ఆడిట్‌లో నిలవదు. ఒకే వాటాను రెండు గ్రాంట్లకు చూపడం ఇంకా పెద్ద పొరపాటు. మొత్తం సొమ్ము వెనక్కి కట్టాల్సి రావచ్చు.

కరెంటు, అద్దె, లెక్కలు రాసే మనిషి జీతం లాంటి పరోక్ష ఖర్చులు అడగడానికి మొహమాటపడకండి. అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో, ప్రభుత్వంతో విడిగా పరోక్ష ఖర్చుల రేటు కుదుర్చుకోని సంస్థలు, ప్రాజెక్టుకు నేరుగా అయ్యే నిర్ణీత ఖర్చుల మీద 10 శాతం వేసుకునే వీలుండేది. 2024 అక్టోబరు నుంచి దాన్ని 15 దాకా పెంచారు. ప్రభుత్వమే ఒప్పుకున్న ఖర్చును మనమే కొట్టేసుకుంటున్నాం. తక్కువ అడిగితే తప్పక వస్తుందన్న నమ్మకం చాలా సంస్థల్ని దెబ్బతీసింది. తక్కువ బడ్జెట్ చూసిన పరిశీలకుడికి ఇది పూర్తవుతుందా అన్న అనుమానమే వస్తుంది.

డబ్బు ఎప్పుడు వస్తుందో కూడా అడగండి. కొన్ని సంస్థలు ముందు మీరు ఖర్చు పెట్టాక తిరిగి ఇస్తాయి. కొన్ని తుది నివేదిక అందేదాకా చివరి వాయిదా ఆపుతాయి. నెలవారీగా రాక, పోక వేసి చూసుకోండి. ఏ నెలలో ఖాళీ పడుతుందో కనబడుతుంది. అది చూసుకోకపోతే ఆలస్యం భరించాల్సింది ఎప్పుడూ కళాకారులే.

కథనం ఇప్పుడు రాయండి. బడ్జెట్‌లో ప్రతి గీతకూ కథనంలో ఒక వాక్యం, కథనంలో ప్రతి పనికీ బడ్జెట్‌లో ఒక గీత ఉండాలి. 'అందరికీ అందుబాటులో' అని రాస్తే సంజ్ఞా భాష అనువాదకులకు సొమ్ము ఏదని అడుగుతారు. గంట దాటిన సభకు సాధారణంగా ఇద్దరు కావాలి, సుమారు 20 నిమిషాలకోసారి మారాలి. ఒక్కరికే వేస్తే లెక్క తెలియదన్నట్టే. సంఖ్యల్లోనూ అంతే జాగ్రత్త. ఎనిమిది తరగతులకు 25 మంది చొప్పున వస్తే హాజరు 200, మనుషులు 40 మందే కావచ్చు. రెండూ విడిగా రాయండి.

మద్దతు లేఖలో ప్రశంస అక్కర్లేదు. '12 సాయంత్రాలు, ఆరు నుంచి తొమ్మిది దాకా మా హాలు ఉచితంగా ఇస్తాం' అన్న ఒక్క వాక్యం పేజీ పొగడ్త కన్నా బలమైనది. నమూనా వీడియోలో ముఖ్య భాగం మొదటి రెండు నిమిషాల్లో ఉండాలి, లేదా ఏ నిమిషం నుంచి చూడాలో రాయాలి. లింకు తెరుచుకుంటుందో లేదో మీది కాని ఫోన్‌లో పరీక్షించండి.

మంజూరయ్యాక పని దారి మార్చుకోవడం సహజం. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు సొమ్ము మార్చాలంటే ఎంతవరకు స్వేచ్ఛ ఉందో ఒప్పందంలో ఉంటుంది. ఆ హద్దు దాటే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ముందు అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు. ఖర్చయ్యాక చెబితే వాళ్లకూ దారి ఉండదు. ఒప్పందం, ఓచర్లు, హాజరు పట్టికలు, అంగీకార పత్రాలు మొదటి రోజు నుంచే ఒకే చోట పెట్టండి. గ్రాంటు రాకపోతే, పరిశీలకుల అభిప్రాయాలు అడిగి తెప్పించుకోండి. అడిగినవారికి చాలా సంస్థలు చెబుతాయి.

బడ్జెట్ మూసేముందు ఇంకో గీత: జ్ఞాపకాలు చెప్పినవారి ప్రతి కుటుంబానికీ రికార్డింగు ప్రతి ఒకటి. వాళ్లు తెరుచుకోగలిగే రూపంలో, ఎవరైనా వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చే ప్రయాణ ఖర్చుతో కలిపి.