తొమ్మిదో రోజున చచ్చిన కోడి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, కింద చాపల మీద సర్దుకుని కూర్చున్న అప్పలకు, చెల్లెళ్ళకు, వెనక గోడకు ఆనుకుని బీడీ ఆర్పేసిన బావలకు కూడా. మా అధ్యక్షురాలు వదినగారు నన్ను కోళ్ళ నిపుణురాలని పరిచయం చేశారు. నిపుణురాలినీ కాదు, ఏమీ కాదు. 26 పిల్లల్లో 19 పిల్లల్ని చేతులారా చంపుకున్నదాన్ని.

నాకిచ్చిన అంశం ‘పెరటి కోళ్ళు, ఆదాయ మార్గాలు’. ఆదాయం సంగతి చివర్లో టైముంటే చూద్దాం. ముందు గూడు.

2018 అక్టోబరు 11, గురువారం. తిత్లీ తుఫాను అంటే మన ఉద్దానంలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పలాస దగ్గర తెల్లారకుండానే తీరం దాటింది, గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. మా దొడ్లో ఏడు కొబ్బరిచెట్లుండేవి, ఒక్కటి నిలబడింది. జీడితోట వేళ్ళతో సహా పడుకుంది. కానీ నా కోళ్ళగూడు పడలేదు! పశువుల సాల గోడ చాటున ఉంది కాబట్టి బతికింది. ఊరంతా వచ్చి చూసి, ‘నీ కోళ్ళు గట్టివే’ అన్నారు. నాకూ కొంచెం గర్వం లేకపోలేదు.

కరెంటు పోయింది. మా వీధికి మళ్ళీ వచ్చేసరికి పక్షం దాటింది. మూడు వారాల పిల్లలు, రాత్రిపూట బల్బు వేడికి అలవాటు పడ్డాయి. బల్బు లేదు కదా అని నీలం టార్పాలిన్ తెచ్చి గూటి నాలుగు పక్కలా చుట్టేశాను. అంచుల మీద ఇటుకలు పెట్టాను, చంటిపిల్లకు దుప్పటి కప్పినట్టు. మర్నాడు పొద్దున్న టార్పాలిన్ ఎత్తితే లోపలివైపు నీటి చుక్కలు వేలాడుతున్నాయి. బయట ఎండ. రాత్రి ఎక్కడో కారిందనుకున్నాను. ఏం చేశానో తెలుసా? దాని మీద ఇంకో టార్పాలిన్ వేశాను.

తొమ్మిదో రోజు పొద్దున్న మూడు పిల్లలు రెక్కలు జారేసి, మెడ లోపలికి లాక్కుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాయి. రెట్టలో నెత్తురు. సాయంత్రానికి అవి పోయాయి. తర్వాత వరసపెట్టి పోయాయి. పశువుల డాక్టరు గారు ఒకదాన్ని కోసి చూపించారు. పేగు చివర రెండు సన్నటి సంచులుంటాయి. అవి రెండూ నెత్తురుతో ఉబ్బిపోయి ఉన్నాయి. ‘తుఫాను కాదమ్మా, నీ టార్పాలిన్ చంపింది’ అన్నారు.

తడి పైనుంచే వస్తుందని మన నమ్మకం. ఎదిగిన పెట్ట రోజుకు పావు లీటరు దాకా నీళ్ళు తాగుతుంది. 20 పెట్టలుంటే ఐదు లీటర్లు. గుడ్డులోకి పోయింది పోగా మిగతాది ఎక్కడికి పోతుంది? రెట్టలో ముప్పాతిక వంతు నీళ్ళే. ఊపిరిలో ఇంకొంత. గాలి ఆడకపోతే అదంతా గూట్లో కింద పరిచిన ఊకలోనే దిగుతుంది. రెట్టలో కాక్సీడియా అనే సూక్ష్మజీవి గుడ్లుంటాయి, కంటికి కనబడవు. పొడి ఊకలో వాటి ఆట సాగదు. తడీ వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో ముదురుతాయి. పిల్ల ఊకలో పొడుచుకు తింటుంది. ఐదారు రోజులకు నెత్తురు. లెక్కేసుకోండి, నా తొమ్మిది రోజులు సరిపోతాయి.

ఇక్కడొక మాట చెప్పకపోతే నాకు అన్నం అరగదు. నష్టం రాసుకోడానికి వచ్చినాయన ఎప్పుడు చచ్చాయని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తొమ్మిదో రోజున చచ్చిన కోడి తుఫాను కోడి కాదట! పేరు కొట్టేశారు. పక్కవీధిలో ఒక్క కోడీ లేని ఇంటికి పది కోళ్ళు రాశారు. డబ్బుకి కాదు నా బాధ. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నాకే అనిపించేలా చేశారు చూడండి, అదీ బాధ.

సరే, గూటికి రండి. చూరు కింద, గోడ పైన, చుట్టూ జానెడు సందు వదలండి. ముంగిస దూరకుండా వల కొట్టండి. కోళ్ళు కర్రల మీద పడుకున్నప్పుడు గాలి వాటి తలల మీదుగా పోవాలి, ఒంటికి కొట్టకూడదు. చూరు రెండడుగులు బయటికి రావాలి, నేల అడుగున్నర ఎత్తుండాలి. నీళ్ళ కుండ బయటే. జీడిపిక్కల తొక్కు మాత్రం పరవకండి, ఆ నూనె మన చేతుల్నే పొక్కిస్తుంది, కోడి కాళ్ళెంత! ఊకే మేలు, మూడంగుళాలు, రోజూ తిరగెయ్యాలి.

మంద పెరుగుతుంది గానీ గూడు పెరగదు. ఆరు పెట్టలకు కట్టిన గూట్లో పదిహేను దోపుతాం. తలకు రెండు చదరపు అడుగులైనా లేకపోతే ఏ ఊకా పొడిగా ఆగదు. సంతలో కొన్నవాటిని మూడు వారాలు వేరే గంప కింద ఉంచాకే కలపండి. కొక్కెర తెగులుకి వారం పిల్లకు కంట్లో లసోటా టీకా చుక్క, ఎనిమిది వారాలకు టీకా సూది. అది డాక్టరు గారు నాకంటే బాగా చెబుతారు.

చీటీ పంపారు, టైమైందట. ఆదాయం రానే లేదు, పోనీండి. ఒక్క నిమిషం. ఈ కవర్లలో మూడిళ్ళ ఊక ఉంది, ఈ పొద్దున్నే తీసుకొచ్చాను. ముందు వరసలో అప్పా, గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. చెయ్యి విప్పండి. రాలిపోయిందా? మంచిది. రెండోది కూడా రాలింది. ఇప్పుడు మూడోది. ముద్దయిందా? ముక్కు దగ్గర పెట్టుకోండి. కళ్ళు మండాయి కదూ, అదే తడి రెట్టలోంచి లేచే అమోనియా వాయువు. మనం నిలబడి చూస్తాం కాబట్టి మనకు తెలీదు, కోడి ముక్కు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది.

ఆ మూడోది మా వదినగారి గూటిది. నవ్వకండి, ఆవిడ ఒప్పుకున్నాకే తెచ్చాను. భోజనాలయ్యాక అటే పోదాం. గోడకు సందు కొట్టడానికి గునపం నా సైకిల్‌కి కట్టే ఉంది.