కొత్త అయ్యేదాకా తినకూడదు

అందరికీ నమస్కారం. ఆగస్టు 9 వచ్చిందంటే మనకొక అలవాటు, కోయల కొమ్ము డాన్స్ టీమ్‌ని పిలిపించడం, స్టేజీ ఎక్కించడం, పక్కన నిలబడి ఫొటోలు దిగి పంపించేయడం. 1994లో ఐక్యరాజ్య సమితి ఈ రోజును ఆదివాసీలకు కేటాయించింది అందుకేనా అనిపిస్తుంది ఒక్కోసారి. నేనివాళ ఆట గురించి కాదు, తిండి గురించి మాట్లాడతాను.

చింతూరు, కూనవరం, భద్రాచలం వైపు కోయ ఊళ్లలో పండుగను పండుం అంటారు. పంట పండుగ అంటే వాళ్లకు ఒక్క రోజు కాదు, మన సంక్రాంతిలా క్యాలెండర్‌లో ఎర్రంకె కూడా ఉండదు. కొత్త పంటను ముందు దేవతకు పెట్టి, ఆ తర్వాతే తినడం మొదలుపెట్టే పండుగను ‘కొత్త’ అంటారు. చిక్కుడుకాయకో కొత్త, మామిడికో కొత్త, ధాన్యానికో కొత్త, ఏది చేతికొస్తే దానికి. ఊరి పెద్ద, పూజారి కూర్చుని రోజు ఖాయం చేసేదాకా మీ చేలో ముందే కాసినా సరే, తెంపకూడదు, నోట్లో పెట్టకూడదు. ఆ రోజున కొత్త గింజ వండి, కోడిని కోసి, ముందు ముత్యాలమ్మకు, ఆ తర్వాత చనిపోయిన ఇంటి పెద్దలకు ఆకులో పెడతారు. బతికున్నవాళ్ల వంతు ఆ తర్వాతే. పక్క ఊళ్లో ఇదే పండుగ ఇంకో రోజు పెట్టుకుంటారు కాబట్టి బావలు, వియ్యంకులు ఈ ఊరి నుంచి ఆ ఊరికి తిరుగుతూ రెండు చోట్లా తింటారు. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది.

ఇదంతా మూఢనమ్మకం అని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి మామిడి సంగతి చూడండి. అడవిలో చెట్టు ఎవరి పేరు మీదా ఉండదు, ముందు వెళ్లినవాడు పిందెలన్నీ దులిపేసుకుంటే అడిగేవాడు లేడు. అలా దులిపేస్తే పండూ దక్కదు, టెంకలో జీడీ ముదరదు. ఆ జీడిని నానబెట్టి, దంచి, అంబలి కాచుకునే వానాకాలం రోజులు కొండరెడ్లకు, కోయలకు బాగా తెలుసు. కాపలాదారు లేని చెట్టుకు కొత్త అనే ఈ కట్టుబాటే కాపలా అని నా అభిప్రాయం.

విత్తనాలప్పుడు వచ్చే భూమి పండుగ కూడా అంతే. ఇంటింటి విత్తనాలు దేవత ముందు పెట్టి, వాటిని ఇంట్లో ఉన్నవాటిలో కలుపుకున్నాకే దుక్కిలోకి దిగుతారు. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి బండ్లాపి డబ్బులడుగుతారు. కార్లో పోయే మనకు అప్పుడే ఎక్కడలేని అర్జెంటు పని గుర్తొస్తుంది!

అయితే కొత్త జరగాలంటే తినే పంట ఉండాలి కదా. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు, అంటే అడవి కొట్టి కాల్చి చేసే సాగుకు, అడ్డు పడింది, 1922లో మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి కొందరికి పట్టాలు అందాయి, మంచిదే. కానీ జొన్న, సామ, చిక్కుడు కలిపి చల్లిన చేలలో ఇప్పుడు మిర్చి, పత్తి, జామాయిల్ కనిపిస్తున్నాయి. వేసినవాళ్లను తప్పుపట్టను, డబ్బు అవసరం ఎవరికి లేదు? కానీ జామాయిల్‌కి కొత్త ఎలా చేస్తారు? లారీ ఎక్కి కాగితం మిల్లుకు పోయే కర్రలో పెద్దలకు ఏం పెడతారు?

ఇంకొక చిక్కు కూడా ఉంది, అది ఇక్కడ కూర్చున్న హాస్టల్ పిల్లలకే బాగా తెలుస్తుంది. ఊళ్లో ఇంకా కొత్త కాలేదు, మెస్‌లో మాత్రం చిక్కుడుకాయ కూర వడ్డించేశారు. తింటారా, పక్కన పెడతారా, ఇంటికెళ్లాక అమ్మకు చెబుతారా? మైకు మీకే ఇస్తున్నాను, సిగ్గుపడకుండా చెప్పండి.