మళ్లీ కందిరీగ దగ్గరికే

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం కాకుల తెలివి. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే కాకి, తిన్నగా ఉన్న తీగను తనే కొక్కెంలా వంచి, గొట్టం అడుగునున్న చిన్న బకెట్‌ను పైకి లాగింది. ఇది పుట్టుకతో వచ్చే సహజాతమా, ఆలోచనా అని...

అక్క: ముందు నా కందిరీగ.

తమ్ముడు: అక్కా! గంట మోగించనా?

అక్క: మోగించుకో. స్ఫెక్స్ అనే కందిరీగ కీచురాయిని కుట్టి, కదలకుండా చేసి, పిల్లల కోసం ఈడ్చుకొస్తుంది. గూటి గుమ్మం దగ్గర వదిలి, లోపలికెళ్లి చూసొస్తుంది. ఆలోపు ఫాబ్రే అనే ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త కీచురాయిని కాస్త దూరం జరిపాడు. బయటికొచ్చి వెతుక్కుంది, మళ్లీ గుమ్మం దాకా తెచ్చింది, మళ్లీ లోపలికెళ్లింది. నలభై సార్లు జరిపితే నలభై సార్లూ అంతే.

తమ్ముడు: మరింకేం? ఆలోచన లేదనేగా.

అక్క: అందరూ అక్కడే ఆపేస్తారు. ఇంకోచోట అదే కందిరీగల గుంపుతో ఆయనే ఇదే పని చేస్తే, అవి రెండు మూడు సార్లు చూసి, ఆ తర్వాత లోపలికి వెళ్లి చూడకుండా నేరుగా ఈడ్చుకుపోయాయి. అదీ ఆయనే రాశాడు. ఆ ముక్క ఎవరూ చెప్పరు, నాకు నిజంగా బాధేస్తుంది.

తమ్ముడు: అలవాటు మారితే ఆలోచించినట్టేనా? పెద్దబాతును చూడు. గూట్లోంచి దొర్లిన గుడ్డును ముక్కుతో లోపలికి లాక్కుంటుంది. జంతువుల ప్రవర్తనను పరిశీలించిన లోరెంజ్, టింబర్జెన్ అనే శాస్త్రవేత్తలు మధ్యలో గుడ్డు తీసేసినా, మెడ మాత్రం చివరిదాకా వెనక్కి లాగింది.

అక్క: బాతు సంగతి ఒప్పుకుంటా. మనమో? డార్విన్ జూలో పాము ముందు అద్దానికి మొహం ఆనించి, కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. అది విసురుగా రాగానే ఒకటి రెండు గజాలు వెనక్కి దూకాడు. అద్దం ఉందని తెలుసు. అయినా ఒళ్లు మాట వినలేదు.

తమ్ముడు: ...మా పాప పుట్టిన రోజున తన అరచేతిలో వేలు పెట్టా. గుప్పిట బిగించేసింది. నన్ను గుర్తుపట్టిందనుకున్నా. పక్కనున్న నర్సు, పుట్టిన పిల్లలందరూ అలాగే పట్టుకుంటారండీ అంది.

అక్క: నాకెప్పుడూ చెప్పలేదేంట్రా.

తమ్ముడు: ఏం చెప్పను. కొన్ని నెలలకు ఆ పట్టు పోయి, కావాలని చెయ్యి చాచి పట్టుకోవడం వచ్చింది. రోజూ పక్కనే ఉన్నా. ఏ రోజు మారిందో నాకు తెలీలేదు.

అక్క: కందిరీగల్లో కూడా...

తమ్ముడు: కాకులు, అక్కా.

అక్క: సరే. అడవిలో కూడా బెట్టీ జాతి కాకులు పుల్లలు వంచుతాయని తర్వాత తేలింది కదా. మరి బెట్టీకి అది తట్టిందా, పుట్టుకతో ఉందా?

తమ్ముడు: అదే చెప్పబోతుంటే నువ్వు...

అక్క: గంట మోగింది.