సూది మందూ గడియారమూ

శ్రోతలకు నమస్కారం.

ప్రాణం మీదికి వచ్చిన ఇన్ఫెక్షన్‌లో ఇంజెక్షన్‌గా ఇచ్చే యాంటీబయాటిక్ గురించి ఈ పూట మాట్లాడతాను. ఉన్న సమయం కొద్ది కనుక మందుల జాబితా చదవను. ఒక మనిషి కథ చెబుతాను. వైద్యం చదివే పిల్లలకు పాఠం చెప్పవలసి వచ్చినా నేను ఈ కథతోనే మొదలుపెడతాను.

1941 ఫిబ్రవరి. యుద్ధం నడుస్తోంది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో, రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు మంచం పట్టి ఉన్నాడు. ముఖం మీద చిన్న గాయం అయింది. గులాబీ ముల్లు గీరుకుందని చాలాకాలం చెప్పుకున్నారు. కాదు, బాంబు దాడిలో తగిలిన దెబ్బ అని ఆయన కుమార్తె చాలా ఏళ్ళ తరువాత చెప్పారు. ఏదైతేనేం, గాయం చీము పట్టింది. ఆ చీము ముఖమంతా కమ్మి తల మీదికి పాకింది. ఒక కన్ను తీసేయవలసి వచ్చింది. ఊపిరితిత్తుల్లోకీ దిగింది. అప్పటికి దొరికే సల్ఫా మందు వాడారు. గుణం కనిపించలేదు. ఒక చిన్న గాయం ఆరడుగుల మనిషినైనా అలా తినేసే రోజులవి.

అదే ఊళ్ళో, విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ పెన్సిలిన్‌ను శుద్ధి చేసే పనిలో ఉన్నారు. ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త దాన్ని 1928లోనే గుర్తించాడు. కానీ మనిషికి ఎక్కించగలిగేంత శుభ్రంగా, చాలినంతగా దాన్ని తయారుచేయడం ఎవరి వల్లా కాలేదు. వీళ్ళు పెన్సిలిన్‌నిచ్చే బూజును ఆసుపత్రి బెడ్‌పాన్లలో కూడా పెంచారు. గాలన్ల కొద్దీ ద్రవం వడకడితే చేతికి చిటికెడు పొడి వచ్చేది. అందులోనూ అసలు పెన్సిలిన్ కొద్ది భాగమే.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. అలెగ్జాండర్‌కు కొన్ని వారాల ముందే, కేన్సర్ చివరి దశలో ఉన్న ఒక మహిళ ఈ మందును తన నరంలోకి ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నారు. దాని వల్ల తనకు ఏ మేలూ జరగదని తెలిసే ఒప్పుకున్నారు. మందు వెళ్ళిన కాసేపటికి ఆమెకు చలీ వణుకూ జ్వరమూ వచ్చాయి. వెతికితే తప్పు పెన్సిలిన్‌ది కాదు, అందులో మిగిలిపోయిన మలినాలదని తేలింది. వాటిని తొలగించాకే మందు అలెగ్జాండర్ దాకా వచ్చింది. నరంలోకి వెళ్ళే మందు శుభ్రంగా ఉండాలన్న మాట మనం ఈనాడు ఎంతో మామూలుగా అంటాం. దాన్ని తన ఒంటి మీద భరించి చూపిన మనిషి ఆమె. నాకు ఆమె మీద ఎంతో గౌరవం.

ఫిబ్రవరి 12న అలెగ్జాండర్ నరంలోకి మొదటి డోసు వెళ్ళింది. 200 మిల్లీగ్రాములు. ఆ తరువాత మూడు గంటలకొకసారి 100 మిల్లీగ్రాములు. పగలూ రాత్రీ గడియారం చూసుకుంటూ ఇచ్చారు. ఒక్క రోజులోనే మార్పు తెలిసింది. నాలుగో రోజుకు జ్వరం దిగింది, ముఖం వాపు తీసింది, ఆయన అన్నం అడిగి తిన్నాడు.

ఇంత తరచుగా ఎందుకు ఇచ్చారు? పెన్సిలిన్‌ను మూత్రపిండాలు చాలా వేగంగా బయటికి పంపేస్తాయి. ఒంట్లోకి వెళ్ళిన మందులో సగం సుమారు అరగంటలో పోతుంది. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ఆ సంగతి తెలుసు కాబట్టే వాళ్ళు అలెగ్జాండర్ మూత్రాన్ని సీసాల్లో పట్టి, సైకిల్ మీద ప్రయోగశాలకు తీసుకుపోయి, అందులోంచి పెన్సిలిన్‌ను మళ్ళీ తీసి, మళ్ళీ ఆయనకే ఎక్కించారు. ఆ సైకిల్ ప్రయాణాలు తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అయినా చాలలేదు. ఐదో రోజుకు మందు అయిపోయింది. వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కొన్నాళ్ళు నిలకడగానే ఉన్నాడు. ఆ తరువాత మిగిలిపోయిన బాక్టీరియా మళ్ళీ విజృంభించింది. మార్చి 15న ఆయన చనిపోయాడు.

ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్ బృందం ఎక్కువగా చిన్నపిల్లలకు ఆ మందు ఇచ్చింది. చిన్న ఒంటికి కొద్ది మందు సరిపోతుంది, మధ్యలో అయిపోయే ప్రమాదం తక్కువ. అంత కఠినమైన లెక్క అది.

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, అలెగ్జాండర్‌కు సరైన మందే దొరికింది. సరైన దారిలోనే, నరం ద్వారానే వెళ్ళింది. చాలినంత కాలం దొరకలేదు, అంతే. ఇంజెక్షన్ యాంటీబయాటిక్ విషయంలో మందు పేరు ఎంత ముఖ్యమో గడియారం అంత ముఖ్యం. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత వేగంగా ఎక్కించాలి, ఎంతసేపటికొకసారి ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి. అన్నీ గడియారం లెక్కలే.

మొదలుపెట్టడం గురించి ఒక్క మాట. ఇన్ఫెక్షన్ ముదిరి రక్తపోటు పడిపోతున్న మనిషికి, అంటే సెప్టిక్ షాక్‌లో ఉన్న మనిషికి, గుర్తించిన గంటలోపు మొదటి డోసు వెళ్ళాలి. వీలైతే దానికి ముందే కల్చర్ పరీక్షకు రక్తం తీసుకుంటారు, ఏ బాక్టీరియానో ఆ తరువాత తెలుస్తుంది. కానీ పరీక్ష కోసం మందును ఆపి కూర్చోరు. జ్వరంతో పాటు మాట తడబడుతున్నా, మనిషి మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, చేతులూ కాళ్ళూ చల్లబడుతున్నా తెల్లవారనివ్వండి చూద్దాం అనుకోవద్దు. తెల్లవారనివ్వద్దు.

ఇక వేగం. ఇది బయటి వాళ్ళకు చాలా తక్కువగా తెలిసిన సంగతి. వాంకోమైసిన్ అనే మందు ఉంది. మొండి బాక్టీరియా మీద వాడతారు. ఒక గ్రాము మందును కనీసం వంద నిమిషాల పాటు, బొట్టుబొట్టుగా నరంలోకి పంపాలి. తొందరపడి పావుగంటలో పంపితే ముఖం, మెడ, ఛాతీ పైభాగం ఎర్రగా కందిపోతాయి. విపరీతమైన దురద పుడుతుంది. ఒక్కోసారి రక్తపోటు పడిపోతుంది. చూసేవాళ్ళు హడలిపోతారు. చాలామందిలో ఇది అసలైన ఎలర్జీ కాదు, వేగం వల్ల వచ్చిన ఇబ్బంది. డ్రిప్ ఆపి, తగ్గాక నెమ్మదిగా ఎక్కిస్తే అదే మందును ఒళ్ళు సాధారణంగా తట్టుకుంటుంది. అందుకే అంటాను, డ్రిప్ మీద ఉండే ఆ చిన్న చక్రాన్ని రోగి బంధువులు ముట్టుకోకూడదు. త్వరగా అయిపోతే ఇంటికి పోవచ్చునన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ముట్టుకోవద్దు. సీసా నెమ్మదిగా కారుతోందంటే దానికో కారణం ఉంటుంది.

డోసుల మధ్య ఎడం మాటకొస్తే, ఒక్కో మందుది ఒక్కో స్వభావం. పెన్సిలిన్ జాతి మందులు బాక్టీరియాను చంపాలంటే రక్తంలో ఎడతెగకుండా ఉండాలి. అందుకే మెదడు పొరలకు వాపు వచ్చినవాళ్ళకు పెన్సిలిన్‌ను నాలుగు గంటలకొకసారి ఇస్తారు, అర్ధరాత్రి నిద్ర లేపైనా ఇస్తారు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ అలా కాదు. ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో వెళ్ళి దెబ్బ కొడుతుంది. తరువాత ఒళ్ళు దాన్ని వదిలించుకోవడానికి సమయం ఇవ్వాలి. ఇవ్వకపోతే మూత్రపిండాలూ లోపలి చెవీ దెబ్బతింటాయి. మూత్రపిండాలు చాలావరకు కోలుకుంటాయి. చెవి కోలుకోకపోవచ్చు. జెంటామైసిన్ తీసుకుంటున్నప్పుడు చెవుల్లో హోరు వినిపించినా, నడిస్తే తూలుతున్నట్టున్నా, మూత్రం తగ్గినా ఆ పూటే చెప్పాలి, తరువాతి డోసు పడకముందే చెప్పాలి. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఈ డోసు ఆపుతున్నామని నర్సు అంటే అది నిర్లక్ష్యం కాదు. అదే జాగ్రత్త.

పెన్సిలిన్ గడియారాన్ని మనిషి సాగదీసిన తీరు కూడా చెప్పాలి. బెంజాథీన్ పెన్సిలిన్ అని ఒకటుంది. పాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. కండలోకి లోతుగా ఇస్తే అక్కడే ఉండి వారాల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లల గుండె మళ్ళీ దెబ్బతినకుండా మూడు నాలుగు వారాలకొకసారి ఇచ్చేది ఇదే. అరగంటలో సగం పోయే మందు ఎక్కడ, వారాలు నిలిచే మందు ఎక్కడ! కానీ ఇదే మందు పొరపాటున నరంలోకి వెళితే గుండె ఆగిపోవచ్చు. పేరులో రెండింటికీ పెన్సిలిన్ ఉంది, దారి మాత్రం వేరు. అలాగే సెఫ్ట్రియాక్సోన్ అనే మరో యాంటీబయాటిక్. కండలోకి ఇచ్చేటప్పుడు నొప్పి తెలియకుండా లిడోకైన్ కలుపుతారు, ఆ కలిపిన మందు నరంలోకి పోకూడదు. కాల్షియం ఉన్న సెలైన్‌తో దాన్ని కలపకూడదు. అప్పుడే పుట్టిన పిల్లలకైతే కాల్షియం సెలైన్ ఎక్కుతున్నా, ఎక్కించవలసి ఉన్నా సెఫ్ట్రియాక్సోన్ అసలే ఇవ్వకూడదు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు మరొకరిని పిలిచి మందు పేరూ మోతాదూ దారీ పైకి చదివించుకోవడం నేను చూస్తుంటాను. ఆసుపత్రిలో నాకు అన్నిటికన్నా నచ్చే దృశ్యం అది. అప్పుడు దయచేసి వాళ్ళను మాటల్లో పెట్టకండి.

ఆపడం సంగతి. ఇంజెక్షన్ అంటే బలమైన మందు, మాత్ర అంటే బలహీనమైన మందు అని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. నోటితో మింగినా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరే యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. బ్రిటన్‌లో 1054 మందితో ఓవివా అనే అధ్యయనం చేశారు, ఫలితాలు 2019లో వచ్చాయి. ఎముకలకూ కీళ్ళకూ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళకు మొదటి ఆరు వారాల చికిత్సలో మాత్రలు ఇంజెక్షన్ల కన్నా తీసికట్టు కావని అందులో తేలింది. అందుకే రెండు మూడు రోజులు గడిచాక డాక్టరును ఒక ప్రశ్న అడగండి. ఇంకా నరం ద్వారానే ఇవ్వాలా, మాత్రలకు మారవచ్చా అని. సమాధానం ఇంకా కావాలనే రావచ్చు. గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ వస్తే తరచుగా అలాగే వస్తుంది, వారాలు పట్టవచ్చు. అయినా అడగండి. కాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం, ఒంట్లో ఉన్నంతకాలం అదొక తెరిచిన తలుపే. దాని చుట్టూ ఎర్రబడినా, నొప్పి పుట్టినా, నరం గట్టిపడి తాడులా తగిలినా వెంటనే చూపించండి. మీ అంతట మీరే మందు ఆపడం మాత్రం వద్దు.

ఇప్పుడు ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఈ ప్రసంగంలో మరేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌తో ప్రాణాంతకమైన ఎలర్జీ రావడం అరుదు. వస్తే ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది. అరచేతుల్లో దురద, ఒంటి నిండా దద్దుర్లు, పెదవులూ నాలుకా వాపు, గొంతు బొంగురు పోవడం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, కళ్ళు తిరగడం. వీటిలో ఏది అనిపించినా మొహమాటపడకుండా అరిచి పిలవండి. అప్పుడు డ్రిప్ ఆపి, తొడ బయటివైపు కండలోకి అడ్రినలిన్ అనే ప్రాణరక్షక మందు ఇవ్వాలి. ముందుగా చర్మంలోకి కొద్దిగా మందు వేసి చూసే పరీక్షలో ఏమీ రాకపోయినా అది పూర్తి హామీ కాదు. అందుచేత అడ్రినలిన్ చేతికందేలా లేని చోట ఈ ఇంజెక్షన్లు వేయించుకోకండి.

అంతకు ముందే చేయవలసిన పని ఒకటుంది. నాకు పెన్సిలిన్ పడదు అని చెప్పుకునేవాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది, పరీక్షించి చూస్తే, ఆ మందును హాయిగా తట్టుకుంటారు. కొందరికి చిన్నప్పుడు జ్వరంతో వచ్చిన దద్దుర్లను మందు మీదికి నెట్టారు. కొందరికి కడుపులో తిప్పడాన్నే ఎలర్జీ అన్నారు. కొందరికి నిజంగానే ఎలర్జీ ఉండేది, ఏళ్ళు గడిచేకొద్దీ పోయింది. కానీ ఆ ఒక్క మాట వల్ల ప్రాణాపాయ సమయంలో వాళ్ళకు అన్నిటికన్నా మంచి మందు అందకుండా పోతుంది. మిగిలిన ఆ ఒక్కరికి మాత్రం అదే మాట ప్రాణం కాపాడుతుంది. ఎవరు ఏ కోవకు చెందుతారో డాక్టరు తేల్చాలంటే పడదు అన్న ముక్క చాలదు.

ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ మందు, దాని పూర్తి పేరు. మాత్రా, ఇంజెక్షనా. వేసిన తరువాత ఏమి జరిగింది, మీ మాటల్లోనే. ఎంతసేపటికి జరిగింది, నిమిషాల్లోనా, గంటల తరువాతా, రోజుల తరువాతా. ఏ ఏడాది. తగ్గడానికి ఏమి ఇచ్చారు. ఆ తరువాత ఎప్పుడైనా యాంటీబయాటిక్‌లు ఏ ఇబ్బందీ లేకుండా వాడి ఉంటే వాటి పేర్లు కూడా రాయండి. ఈ చివరి వరుసను చాలామంది వదిలేస్తారు. డాక్టరుకు బాగా అక్కరకు వచ్చేది అదే. ఇంట్లో పిల్లలకు ఒకటి, పెద్దవాళ్ళకు ఒకటి రాయండి. మీ ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించకముందే దాన్ని చూపించండి.