రైతుల ముచ్చట నిలిచే యాప్ ఇదేనా? | కొత్త సోషల్ మీడియా యాప్ రివ్యూ

నమస్తే అందరికీ. హన్మకొండ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఈసారి ఫోన్ లేదు, ఇయర్‌బడ్స్ లేవు. హైదరాబాద్‌లో ఒక చిన్న టీమ్ చేసిన సోషల్ మీడియా యాప్ గురించి మాట్లాడుకుందాం. పేరు స్క్రీన్ మీద పైన కనిపిస్తోంది, లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

ముందే ఒక మాట. వీళ్లు నాకు ఏడాది ప్రీమియం ఉచితంగా ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. కానీ ఉచితంగా ఏది తీసుకున్నా చూసేవాళ్లకు చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అందుకే ఆ లేబుల్ వీడియో మొదట్లోనే వేశాను. అప్‌లోడ్ చేసే ముందు ఒకసారి చూపిస్తారా అని అడిగారు. చూపించనన్నాను. సరేనన్నారు, ఆ తర్వాత మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. అది నాకు నచ్చింది.

యాప్ సైజు ఎంత, డార్క్ మోడ్ ఉందా, ఎన్ని భాషలున్నాయి, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు. వాటి జోలికి పోను. నాకు ఈ యాప్‌లో రిప్లైల గురించి మాట్లాడాలని ఉంది. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మా బాపు నర్సంపేట దగ్గర మిర్చి వేస్తాడు. ఫిబ్రవరి వచ్చిందంటే ఇంట్లో పొద్దున లేవగానే ఒకటే ప్రశ్న. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఇవాళ తేజ రకం మిర్చి ఎంత పలికింది? వండర్ హాట్ ఎంత? చపాటా ఎంత? పొద్దున జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మంచి లాటుకు పాడిన పెద్ద ధర అది. ఆ అంకె క్షణాల్లో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దాకా ఫోన్లన్నీ తిరిగేస్తుంది. మిర్చి పండించే ఇళ్లకు తెలుసు, జెండా పాట ధర అందరికీ దక్కదు. తేమ ఉందంటారు, రంగు తగ్గిందంటారు, తాలు, అంటే రంగు పోయిన కాయలు, కలిసిందంటారు, అలా కోసుకుంటూ వస్తారు. బస్తాలు ట్రాక్టర్‌కెక్కించి బయల్దేరబోయే మనిషికి అసలు కావాల్సింది ఆ పెద్ద అంకె కింద ఇంకో రైతు రాసిన మాట. 'నా తేజకు ఇంత పెట్టారు, ఆరుదల బాగానే ఉంది, అయినా తాలు పేరు చెప్పి తగ్గించారు, కాంటా మధ్యాహ్నం దాటాక అయింది.' బంగారం లాంటి సమాచారం ఇది.

మనం రోజూ వాడే పెద్ద యాప్‌లలో ఈ మాట ఎక్కడుంటుందో ఎప్పుడైనా గమనించారా? అట్టడుగున. లైకులు ఎక్కువ వచ్చినవి పైకెక్కుతాయి. పైనంతా దండం పెట్టే బొమ్మలు, జై కిసాన్‌లు. దాని కింద రెండు పార్టీల వాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం. 'ఇంకా చూడండి' అని రెండు మూడుసార్లు నొక్కితే గానీ ధర రాసిన రైతు దొరకడు. చదువుకున్న పిల్లలు నొక్కుతారు, మా బాపు నొక్కడు. పైనున్నది చదివి ఫోన్ జేబులో పెట్టుకుంటాడు.

ఈ యాప్‌లో రిప్లైలు వచ్చిన వరుసలోనే ఉంటాయి. లైకు బటన్ లేదు. 'పనికొచ్చింది' అని ఒక గుర్తు ఉంది. దాన్ని ఎంతమంది నొక్కినా రిప్లై ఉన్న చోటు మారదు, పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క వస్తుంది, అంతే. ఎవరికి జవాబు రాస్తున్నామో ఆ ముక్క పైన కనిపిస్తుంది. దాని మీద నొక్కితే అసలు మాట దగ్గరికి తీసుకెళ్తుంది. ఇదేం పెద్ద టెక్నాలజీ కాదు, పాతికేళ్ల కింద కూడా ఉండేది. మనుషులను స్క్రీన్‌కు కట్టిపడేయడానికి పెద్ద కంపెనీలు దాన్ని పక్కన పెట్టాయి. ఒక చిన్న కంపెనీ మళ్లీ తెచ్చింది, నాకు మస్తు సంతోషంగా ఉంది.

ఇంకోటి, తేదీ. ఇప్పుడు నేను చూపిస్తున్న ఈ పోస్టు చూడండి. '2 వారాల క్రితం' అని లేదు. తేదీ, నెల, సంవత్సరం, టైము పూర్తిగా ఉన్నాయి. పోస్టు మధ్యలో ధర రాసిన చోట స్క్రీన్‌షాట్ తీసినా తేదీ అందులో పడేలా పేరు పక్కనే అంటించి పెట్టారు. దీనికి ఇంత హడావుడా అనుకోకండి. పోయినేడు ధర ఫొటో ఈ ఏడు కూడా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి రేటు పెరిగిందనుకుని కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తాలు తీయించి, ఆటో కిరాయి, హమాలీ ఖర్చు పెట్టుకుని, మార్కెట్‌కు పోయి తల పట్టుకున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. తేదీ కనిపించి ఉంటే ఇల్లు కదిలేవాళ్లు కాదు.

కొత్త సోషల్ మీడియా యాప్ అంటే నాకు ఇంత ఆసక్తి ఎందుకంటే, ఆర్కుట్ నాటి నుంచి చూస్తున్నాను. ఆర్కుట్ 2004లో వచ్చింది, 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. అందులో కమ్యూనిటీలు ఉండేవి, ఒక్కో కమ్యూనిటీలో ఒక్కో టాపిక్, టాపిక్ కింద వరుసగా జవాబులు. ఏ హాస్టల్లో భోజనం బాగుంటుంది, కాజీపేటలో ఏ రైలు ఆగుతుంది, ఇలాంటివన్నీ అక్కడే అడిగేవాళ్లం. మూసేశాక కొన్నాళ్లు ఆ కమ్యూనిటీల పాత పేజీలను చదవడానికి ఉంచారు, తర్వాత అదీ తీసేశారు. గూగుల్ ప్లస్ 2011లో వచ్చి 2019 ఏప్రిల్‌లో పోయింది. 2021లో క్లబ్‌హౌస్, అంటే రూముల్లో గొంతుతోనే మాట్లాడుకునే యాప్, ఆండ్రాయిడ్‌లోకి వచ్చింది. కరోనా రెండో వేవ్, లాక్‌డౌన్, అందరం ఇళ్లలోనే. రాత్రుళ్లు తెలుగు రూముల్లో డాక్టర్లు కూర్చుని ఏ మందు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆసుపత్రికి పోవాలో ఎంతో ఓపికగా చెప్పేవాళ్లు. రూమ్ మూసేస్తే అయిపోయింది, మర్నాడు ఇంకొకరికి వినిపిద్దామంటే ఏమీ ఉండేది కాదు. రీప్లే సౌకర్యం ఆ ఏడాది చివర్లో గానీ రాలేదు.

ఇక కూ, ట్విట్టర్ లాంటి మన దేశపు యాప్. పసుపు పిట్ట గుర్తుందిగా. 2020లో మొదలైంది, ఆత్మనిర్భర్ యాప్ పోటీలో బహుమతి కొట్టింది, తెలుగులో కూడా ఉండేది. ఒక దశలో రోజుకు 21 లక్షల మంది వాడారని వ్యవస్థాపకులే చెప్పారు. పెట్టుబడులొచ్చాయి, మంత్రులు చేరారు. అయినా 2024 జులైలో మూసేశారు. వేరే కంపెనీలతో చర్చలు కుదరలేదని ప్రకటించారు. అంత పెద్దదే నిలబడలేదు. కాబట్టి ఏ కొత్త యాప్ చూసినా నేను ముందు అడిగేది ఒకటే. రేపు మీరు మూసేస్తే మేం ఇక్కడ మాట్లాడుకున్నది ఏమవుతుంది?

ఈ యాప్ దానికి సూటిగా జవాబు చెప్పింది, అందుకే ఈ వీడియో చేస్తున్నాను. సెట్టింగ్స్‌లో 'మొత్తం దించుకోండి' అని బటన్ ఉంది. గ్రూపును వీళ్లు అడ్డా అంటున్నారు. ఆ అడ్డాలో ఉన్న ఎవరైనా ఇది నొక్కొచ్చు. నేను మా మిర్చి అడ్డాకు నొక్కి చూశాను. ఒక జిప్ ఫైల్ వచ్చింది. లోపల ఒక టేబుల్ ఫైల్, పక్కన ఫొటోల ఫోల్డర్. టేబుల్‌లో రాసినవాళ్ల పేరు, తేదీ, టైము, ఏ మాటకు రిప్లై, అసలు మాట. ఫోన్ నంబర్లు లేవు, అది మంచి పని. ఒక చిన్న జాగ్రత్త చెబుతాను. ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే నాకు తెలుగంతా పిచ్చి పిచ్చి గుర్తులుగా వచ్చింది. కంగారుపడి డిలీట్ చేయకండి. ఎక్సెల్‌లో డేటా అనే ట్యాబ్‌కు వెళ్లి, టెక్స్ట్ ఫైల్ నుంచి తెచ్చుకునే ఆప్షన్‌లో యూటీఎఫ్-8 ఎంచుకోండి, అక్షరాలు చక్కగా వస్తాయి. పోయిన సీజన్ మొత్తం మార్కెట్ ముచ్చట ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఏ వారంలో ధర పడిపోయింది, ఎవరు ఏ కారణం చెప్పారు, అన్నీ ఉన్నాయి. కంపెనీ ఉన్నా లేకున్నా నాకు టెన్షన్ లేదు.

మాస్టడాన్ అని, వేర్వేరు వాళ్లు నడిపే సర్వర్లన్నీ కలిసిన సోషల్ నెట్‌వర్క్ ఒకటుంది, అది వాడినవాళ్లకు ఈ ఆలోచన కొత్తేం కాదు. అక్కడ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మారినా ఫాలోవర్లు మన వెంటే వస్తారు. అలా వేరే యాప్‌లతో కలిసి పనిచేసే యాక్టివిటీపబ్ పద్ధతి కూడా పెట్టమని వీళ్లకు రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండించిన విషయానికొద్దాం. సెర్చ్.

మన జిల్లా పేరు 2021 ఆగస్టులో హనుమకొండ అయింది. జనం రాసేది హన్మకొండ. ఇందులో హన్మకొండ అని వెతికితే హనుమకొండ అని రాసిన పోస్టులు ఒక్కటీ రావు. మిర్చి అని వెతికితే మిరప రాదు, మిరపకాయ రాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో వరంగల్ అని కొడితే తెలుగులో రాసినవి రావు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. 'వరంగల్‌లో' అని రాసేటప్పుడు చాలా కీబోర్డులు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాయి. అది లేకపోతే 'వరంగల్లో' అవుతుంది. చదివేవాళ్లకు రెండూ ఒకటే, ఈ సెర్చ్‌కు మాత్రం రెండూ వేర్వేరు ఊళ్లు! ఇన్ని మాటలు ఇంత శ్రద్ధగా వరుసలో పెట్టి, తేదీ వేసి, భద్రం చేసి, చివరికి వెతికితే దొరక్కపోతే ఎలా? తెలుగువాళ్ల కోసం చేశామంటున్నారు. తెలుగువాళ్లు ఎలా రాస్తారో కూర్చుని చూడాలి కదా. ఈ విషయంలో నేను వాళ్లను వదిలిపెట్టను.

వదిలిపెట్టకపోవడం ఎలాగో కూడా చెబుతాను, ఎందుకంటే చిన్న కంపెనీలతో ఇది పనిచేస్తుంది. 'యాప్ బాగాలేదు' అని ఒక స్టార్ ఇచ్చి పోతే వాళ్లకు ఏమీ అర్థం కాదు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ కీబోర్డ్ వాడుతున్నారు, సరిగ్గా ఏ మాట టైప్ చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, స్క్రీన్‌షాట్, ఇవి పంపండి. మొదట్లో బటన్ల మీద ఒత్తులు తెగిపోయేవి. 'ప్రశ్న' అన్న బటన్ మీద కింది ఒత్తు సగం కోసేసినట్టు ఉండేది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఎత్తులో బటన్ చేసి అందులో తెలుగు పోశారన్నమాట. స్క్రీన్‌షాట్ మీద గీత గీసి పంపాను. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు, ఫలానా బటన్లు మార్చామని రాసి పంపారు కూడా. సెర్చ్ గురించి మాత్రం 'చూస్తున్నాం' అంటున్నారు.

ఫిర్యాదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 'చేను దగ్గరికే వచ్చి కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ డబ్బులు కట్టండి' అని ఒక పోస్టు కనిపిస్తే రిపోర్ట్ కొట్టాను, మర్నాటికి తీసేశారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం యాప్‌వాళ్లు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. ఇందులో ఆ పేజీ ఉంది. ఇలాంటి చోట ఎవరైనా ఇప్పటికే డబ్బులు పోగొట్టుకుని ఉంటే యాప్‌కు రాస్తూ కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నోటిఫికేషన్లు తక్కువే, బాగున్నాయి. వాయిస్ మెసేజ్ రెండుసార్లు మధ్యలో ఆగింది, ఊళ్లో సిగ్నల్ అలా ఉంటుంది, దాన్ని యాప్ మీద వేయను.

మా బాపుకు చూపించాను. ధరల పోస్టు మొత్తం చదివాడు, కింద రిప్లైలు చివరి దాకా చదివాడు. తర్వాత 'మంచిగుంది బిడ్డా, ఇండ్ల మనోళ్లు ఎవరున్నరు?' అని అడిగాడు. మా ఊరి నుంచి ఇంకా ఎక్కువమంది లేరు. ఆయన మళ్లీ వాట్సాప్‌కే పోయాడు. ఈ యాప్‌కు అసలు పరీక్ష అక్కడే ఉంది. దేశమంతా గెలవాలని పరుగెత్తకుండా ఒక మార్కెట్, ఒక పంట, ఒక జిల్లా పట్టుకుని వాళ్లందరినీ లోపలికి తెస్తే నిలబడగలదని నా నమ్మకం.

నా తీర్పు. వేసుకోండి. మీ పనికి సంబంధించి పదిమంది కలిసి రోజూ అడిగి తెలుసుకునే విషయం ఉంటే, మిర్చి, పత్తి, టీచర్ల ట్రాన్స్‌ఫర్లు, పోటీ పరీక్షలు, ఏదైనా సరే, ఒక అడ్డా పెట్టి చూడండి. రిప్లైల కోసం, ఆ డౌన్‌లోడ్ బటన్ కోసం నేను దీన్ని ఫోన్‌లో ఉంచుకుంటున్నాను. ప్రీమియం మాత్రం ఇప్పుడే కొనకండి. డౌన్‌లోడ్ ఉచితంలోనే ఉంది, ప్రీమియంలో అదనంగా ఇచ్చేది రంగులు, పెద్ద ఫైళ్లు. హన్మకొండ, హనుమకొండ రెండూ ఒకేసారి దొరికిన రోజు నేనే మళ్లీ వీడియో చేసి కొనమని చెబుతాను.

మీ ఊళ్లో మార్కెట్ ధరలు ఎక్కడ చూస్తున్నారు, అక్కడ తేదీ కనిపిస్తోందా లేదా కింద రాయండి. ఖమ్మం మార్కెట్‌కు పోయే అన్నలు ముఖ్యంగా రాయండి, అక్కడి జెండా పాటకూ కాంటా మీది ధరకూ తేడా ఎంత వస్తోందో మా అడ్డాలో చాలామంది అడుగుతున్నారు.